గోల్డెన్ గేట్ మీద బెల్ లేని సైకిల్

శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లేవాళ్లకు బే ఏరియాలో ఉన్న మనవాళ్లంతా ఇచ్చే సలహా ఒకటే. ఫిషర్‌మన్స్ వార్ఫ్‌లో సైకిల్ అద్దెకు తీసుకుని, గోల్డెన్ గేట్ వంతెన దాటి అవతలి ఒడ్డునున్న సాసలీటో అనే ఊరు వెళ్లి, వచ్చేటప్పుడు ఫెర్రీ ఎక్కమంటారు. నేనూ అదే చెబుతాను. కాకపోతే వెళ్లేది శనివారమో ఆదివారమో అయ్యేలా చూసుకోండి. డబ్బు కట్టేముందు సైకిల్ బెల్ కొట్టి చూడండి.

మేం తీసుకున్న షాపులో బోర్డు మీద రోజుకు 38 డాలర్లు అని ఉంది. బిల్లులో మాత్రం మనిషికి 7 డాలర్ల 'డ్యామేజ్ కవర్', అంటే సైకిల్ పాడైతే పనికొచ్చే బీమా, వచ్చి చేరింది. మొత్తం నలుగురికి 180. ఇదేమిటని అడిగితే "అందరూ తీసుకుంటారు" అన్నాడు కౌంటర్ అబ్బాయి. నేను తీసేయమనేలోపే మా మరిదిగారు, అంటే చెల్లి భర్త, మొహమాటపడి, "పోనీలెండి వదినా" అంటూ కార్డు గీకేశారు. చెల్లి కొడుక్కి ఇచ్చిన సైకిల్‌కి బెల్ మీట విరిగిపోయి ఉంది. మార్చమంటే, "బెల్ ఎందుకు, నోటితో అరిస్తే చాలు" అన్నాడు. చెల్లి కొడుకు ఆ విరిగిన బెల్‌ని తన ఫోన్‌లో ఫొటో తీశాడు, స్నేహితులకు పంపి నవ్వుకోవడానికట.

వంతెనకు ముందు నీటి ఒడ్డున ఉన్న క్రిస్సీ ఫీల్డ్ పార్కు దాకా హాయిగా సాగింది.

అసలు కథ వంతెన మీద. సోమవారం నుంచి శుక్రవారం దాకా మధ్యాహ్నం 3.30 వరకు నడిచేవాళ్లూ సైకిళ్లూ అంతా తూర్పు వైపు దారిలోనే వెళ్లాలి. నగరం కనిపించేదీ అటే కాబట్టి ఫొటోల జనమూ అక్కడే. సెల్ఫీ కోసం వెనక్కి అడుగులేస్తూ వచ్చేవాళ్లకు వెనకాల సైకిల్ ఉందని ఎలా తెలుస్తుంది? టవర్ దగ్గరైతే దారి దాన్ని చుట్టి వెళ్తుంది, మలుపు అవతల ఎవరున్నారో కనిపించదు. అక్కడ మా వాడు "ఆన్ యువర్ లెఫ్ట్!" అని అరిచాడు, మీ ఎడమ పక్కనుంచి దాటుతున్నానని. ముందు నడుస్తున్న పెద్దాయనకు 'లెఫ్ట్' ఒక్కటే వినబడినట్టుంది, చటుక్కున ఎడమకే జరిగి సైకిల్‌కి అడ్డంగా నిలబడ్డాడు. మా వాడు బ్రేక్ వేసి రెయిలింగ్‌కి రాసుకున్నాడు. మోచేయి కాస్త గీరుకుంది, హ్యాండిల్ మీద ఇంత పొడుగు గీత పడింది. పాపం ఆ పెద్దాయనే పదిసార్లు సారీ చెప్పాడు. బెల్ ఉంటే ఎడమా కుడీ గొడవే ఉండేది కాదు. చెల్లి ముఖం మాడిపోయింది, సాసలీటో దాకా మరిదిగారితో మాట్లాడలేదు.

ఆ శనివారం పక్కింటివాళ్ల సైకిళ్లు తీసుకుని మా ఆయనా నేనూ మళ్లీ వెళ్లాం. శని, ఆదివారాల్లో సైకిళ్లు పడమటి దారిలో వెళ్తాయి, నడిచేవాళ్లు తూర్పునే ఉంటారు. ఎంత తేడానో! సముద్రపు గాలి మాత్రం మామూలుగా ఉండదు. టవర్ చాటున ఆగినట్టే ఆగి, దాటగానే పక్కనుంచి ఒక్క తోపు తోస్తుంది. 2020లో ఆ వైపు రెయిలింగ్‌కి సన్నటి పలకలు బిగించారు, దాంతో గాలి జోరుగా ఉన్నప్పుడు వంతెన ఊళ పెట్టడం మొదలైంది. రేసు సైకిళ్లవాళ్లు పక్కనుంచి రయ్యిన దూసుకుపోతారు, మీరు కుడివైపే ఉండండి. మనుషుల్నీ చక్రాల్నీ విడదీసిన ఈ ఏర్పాటు పది హెచ్చరిక బోర్డులకన్నా మేలు.

సాసలీటోలో చేపా చిప్స్ 26 డాలర్లు, అంత పెట్టేంత రుచేం లేదు. ఫెర్రీ టికెట్ మాకు మనిషికి 14 డాలర్ల పైచిలుకు పడింది, అక్కడి బస్సులకూ రైళ్లకూ పడవలకూ వాడే క్లిప్పర్ కార్డుంటే చవక. సైకిళ్ల వరుస మా ముందే ఆపేసి పడవ వెళ్లిపోయింది. తర్వాతది ఎక్కి షాపు చేరేసరికి పాతిక నిమిషాలు లేటు. దానికి 20 డాలర్లు, హ్యాండిల్ గీతకు 30 అన్నాడు కౌంటర్ అబ్బాయి. మరి కవర్ తీసుకున్నాం కదా అంటే, గీతలు అందులోకి రావట. అప్పుడు లేచింది మా చెల్లి. కొడుకు ఫోన్ లాక్కుని, పొద్దున టైముతో సహా ఉన్న విరిగిన బెల్ ఫొటో ఆ కౌంటర్ అబ్బాయి ముఖం ముందు పెట్టింది. మారు మాట్లాడకుండా ఆ 50 డాలర్లూ బిల్లులోంచి తీసేశాడు. ఆ 28 డాలర్ల కవర్ మాత్రం ఎంత అడిగినా వెనక్కి ఇవ్వలేదు.