డీహెచ్‌సీపీ స్నూపింగ్‌కి సిస్కో 2960-ఎక్స్: కరెంటు పోయే ఊళ్లో ఎలా ఉంది?

భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో నెట్‌వర్క్ చూసుకుంటాను. సెకండ్ హ్యాండ్‌లో సిస్కో కేటలిస్ట్ 2960-ఎక్స్ స్విచ్‌లు తీసుకున్నదే ఈ స్నూపింగ్ కోసం (కంప్యూటర్లకు ఐపీ అడ్రస్‌లు పంచే పద్ధతి డీహెచ్‌సీపీ, అసలు సర్వర్ తప్ప వేరేది పంచకుండా స్విచ్ కాసే కాపలా స్నూపింగ్), ఎందుకంటే ప్యాకింగ్ హాల్లో ఎవరికి వైఫై అందకపోయినా ఇంట్లో పాత రౌటర్ తెచ్చి గోడ పాయింట్‌కి తగిలించేస్తారు, అది తనూ ఐపీలు పంచడం మొదలెడుతుంది, కాటా దగ్గరి కంప్యూటర్‌కి ఏదో 192.168.0 సిరీస్ వచ్చి బిల్లింగ్ సర్వర్ కనబడదు. ఫోన్ మాత్రం నాకే.

ఆన్ చేయడం తేలిక. స్విచ్ మొత్తానికి ఒక కమాండ్, ఆపైన వీలాన్‌కి (స్విచ్‌లో విడగొట్టుకున్న ఒక్కో నెట్‌వర్క్‌కి) ఇంకొకటి. రెండోది ఇవ్వకపోతే మొదటిది ఉన్నా లేనట్టే. పోర్టులన్నీ అన్‌ట్రస్టెడ్‌గానే (అటు నుంచి సర్వర్ జవాబులు రానివ్వనివిగానే) మొదలవుతాయి కాబట్టి సర్వర్ వైపు వెళ్లే పోర్టుని, అంటే అప్‌లింక్‌ని, ముందే ట్రస్ట్ చేయండి, లేకపోతే అసలు సర్వర్ ఇచ్చే ఆఫర్లే ఆగిపోతాయి. ఆప్షన్ 82 (ఐపీ అడిగింది ఏ స్విచ్, ఏ పోర్టు నుంచో చెప్పే సమాచారం) డిఫాల్ట్‌గా చేరుతుంది. రిలే (ఐపీ అడిగే ప్యాకెట్లను వేరే నెట్‌వర్క్‌లోని సర్వర్‌కి చేరవేసేది) లేని చిన్న ఆఫీసుకి దాంతో పని లేదు, తీసేయండి.

నాకు బాగా నచ్చింది బైండింగ్ టేబుల్. మ్యాక్ (పరికరం హార్డ్‌వేర్ అడ్రస్), ఐపీ, లీజు (ఆ ఐపీ గడువు), వీలాన్, పోర్టు అన్నీ ఒకే వరుసలో ఉంటాయి, ఏ ఐపీ ఏ పోర్టులో ఉందో వెతుక్కుంటూ తిరగక్కర్లేదు. స్టాటిస్టిక్స్ డీటెయిల్ కూడా చూస్తూ ఉండండి: అన్‌ట్రస్టెడ్ పోర్టుల్లో పడేసిన ప్యాకెట్ల లెక్క పెరుగుతోందంటే ఎవరో మళ్లీ రౌటర్ తెచ్చారని అనుమానించాల్సిందే.

గాలివాన వస్తే మా వైపు కరెంటు సంగతి తెలిసిందేగా. స్విచ్ రీబూట్ అయితే ఈ టేబుల్ ఖాళీ అయిపోతుంది. స్నూపింగ్ ఒక్కటే ఉంటే టెన్షన్ లేదు, కానీ దానిమీద డైనమిక్ ఏఆర్‌పీ ఇన్‌స్పెక్షన్ (ఏ ఐపీ ఏ మ్యాక్‌దో చెప్పే ఏఆర్‌పీ ప్యాకెట్లను ఈ టేబుల్‌తో పోల్చి చూసే తనిఖీ) కూడా పెడితే, యూపీఎస్ మీద నడిచే చిన్న స్విచ్ వెనక ఉన్న సిస్టమ్‌లకు మధ్యలో పెద్ద స్విచ్ పడి లేచిన సంగతే తెలియదు, అవి మళ్లీ ఐపీ అడగవు, టేబుల్‌లో పేరు లేదని వాటి ఏఆర్‌పీని స్విచ్ పడేస్తుంది. అందుకే ఈ టేబుల్ డేటాబేస్‌ని టీఎఫ్‌టీపీ సర్వర్‌లో (నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచుకునే సాదా సర్వర్) సేవ్ అయ్యేలా పెట్టుకోవాలి. మార్పు జరిగాక రాయడానికి డిఫాల్ట్‌గా 300 సెకన్లు ఆగుతుంది. ఎన్‌టీపీ (నెట్‌వర్క్ నుంచి గడియారం సరిచేసుకునే పద్ధతి) పెట్టి ఉంటే టైమ్ సింక్ అయ్యేదాకా అసలు రాయదు, అది కూడా చూసుకోండి.

పోర్టుకి రేట్ లిమిట్ (సెకనుకి ఇన్ని డీహెచ్‌సీపీ ప్యాకెట్లే అనే హద్దు) పెట్టేవాళ్లు ఆటో రికవరీ కూడా ఆన్ చేయండి. లిమిట్ దాటితే పోర్టే మూతపడుతుంది, రికవరీ లేకపోతే ఆదివారమైనా మీరే వెళ్లి తెరవాలి.