డీబీ_ఫైల్‌తో ఎనిమిదేళ్లు: అన్‌టై హెచ్చరికలో ఆ అంకె చూడండి

పెర్ల్ ప్రోగ్రామింగ్ భాషలో హ్యాష్‌ని (పేరు-విలువ జతల పట్టికని) డిస్కు మీద ఫైలుకి ముడివేసి వాడుకోవడానికి డీబీ_ఫైల్ మాడ్యూల్‌ని ఎనిమిదేళ్లుగా రోజూ వాడుతున్నాను. వేగంలో గానీ, వాడకంలో తేలికలో గానీ నాకు ఏ ఫిర్యాదూ లేదు. నన్ను బాగా ఏడిపించింది మాత్రం ఒక్కటే, ఫైలు మూసేటప్పుడు వచ్చే ఆ హెచ్చరిక: 'అన్‌టై అటెంప్టెడ్ వైల్ 2 ఇన్నర్ రిఫరెన్సెస్ స్టిల్ ఎగ్జిస్ట్'. హ్యాష్‌ని ఫైలుకి ముడివేసేది టై, ఆ ముడి విప్పేది అన్‌టై. లోపల ఇంకా 2 రిఫరెన్సులు పట్టుకుని ఉండగానే ముడి విప్పుతున్నావని దాని అర్థం.

మొదట్లో దాన్ని పట్టించుకోలేదు. ఓ రాత్రి స్క్రిప్టు అన్‌టై చేసిన వెంటనే ఫైలుని కాపీ తీసింది. పొద్దున చూస్తే కాపీలో చివర రాసిన రికార్డులు లేవు! అన్‌టై చేసినంత మాత్రాన ఫైలు మూసుకోదు. టై తిరిగిచ్చిన ఆబ్జెక్టుని కోడులో ఏదో ఒక చోట పట్టుకుని ఉన్నంతసేపు, ఫైలుని మూసే డిస్ట్రాయ్ మెథడ్ నడవదు, బఫర్‌లో (మెమరీలో తాత్కాలికంగా) ఉన్నది డిస్కుకి చేరుతుందన్న భరోసా ఉండదు.

హెచ్చరికలో ఆ అంకె చాలా విలువైనది. ఆబ్జెక్టుని ఇంకా ఎన్ని చోట్ల పట్టుకున్నారో అదే చెబుతుంది. సింక్ (బఫర్‌లోది డిస్కుకి రాయించే మెథడ్) కోసం టై ఫలితాన్ని ఒక వేరియబుల్‌లో దాచుకున్నాను. అన్‌టైకి ముందు దాన్ని అన్‌డెఫ్ చేశాక (అంటే ఖాళీ చేశాక) 2 కాస్తా 1 అయింది. అంటే ఇంకొకటి ఎక్కడో ఉంది. రెండు గంటలు వెతికితే దొరికింది, నా క్లాసు కన్‌స్ట్రక్టర్‌లో అదే ఆబ్జెక్టుని ఒక ఫీల్డులో కూడా పెట్టాను. దాన్ని డిలీట్ చేశాక హెచ్చరిక పోయింది, కాపీలో రికార్డులన్నీ ఉన్నాయి.

ఫిల్టర్లు (రాసేటప్పుడు, చదివేటప్పుడు డేటాని మార్చే సబ్‌రొటీన్లు) వాడేవాళ్లకి ఇంకో మాట. ఫిల్టర్ సబ్‌రొటీన్ లోపల టై ఫలితాన్ని దాచిన వేరియబుల్‌నే వాడితే ఆబ్జెక్టు తనని తానే పట్టుకున్నట్టవుతుంది. స్కోపు దాటినంత మాత్రాన అది వదలదు, మనమే అన్‌డెఫ్ చేయాలి.

ఇప్పుడు నేను ఆబ్జెక్టుని ఎక్కడా దాచుకోను. సింక్ కావాలంటే, ముడి వెనకున్న ఆబ్జెక్టుని ఇచ్చే టైడ్‌తో అక్కడికక్కడే పిలిచి వదిలేస్తాను. 'నో వార్నింగ్స్' పెట్టి దీని నోరు మూయించడం మాత్రం దయచేసి చేయకండి. అసలు 'యూజ్ వార్నింగ్స్' లైను గానీ, -w గానీ లేని పాత స్క్రిప్టుల్లో ఈ మాట వినపడనే వినపడదు, అందుకే వాటిని తెరిచినప్పుడు ముందు ఆ లైను చేరుస్తాను.