దాచిన వస్తువులు వెతికే గేమ్ కొంటున్నారా? మొదటి గంట బాగుందని డబ్బు కట్టొద్దు

హిడెన్ ఆబ్జెక్ట్ గేములు, అంటే బొమ్మలో దాగున్న వస్తువులు వెతికే గేములు కొనాలనుకునేవాళ్ల కోసం, అందులోనూ ఇంట్లో పెద్దవాళ్లకు కొనిపెట్టేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. ఈ గేముల్లో ఉచితంగా ఆడనిచ్చే మొదటి భాగం దాదాపు ఎప్పుడూ బాగుంటుంది. బొమ్మలు బాగుంటాయి, కథ పట్టేస్తుంది, ఎక్కడా ఆగదు. డబ్బు కట్టాక వచ్చే భాగం కూడా అలాగే ఉంటుందన్న భరోసా మాత్రం లేదు. బుట్టలో పైవరుస మామిడికాయలు చూసి బేరం చేసినట్టే ఇదీ.

మా పిన్నిది ఒంగోలు. లెక్కల టీచరుగా రిటైరైంది. నెల్లూరులో మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వెళ్లాక కొన్నాళ్లు కదలకుండా ఉండాల్సొచ్చింది. పైగా ఎండాకాలం. రోహిణి కార్తెలో ఒంగోలు ఎండ ఎట్టా ఉంటుందో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. సీరియళ్లు ఆమెకు పడవు, పజిల్స్ అంటే ఇష్టం. అందుకని ఫోన్‌లో ఒక హిడెన్ ఆబ్జెక్ట్ గేమ్ వేసిచ్చాను. మొదటి అధ్యాయాలు ఉచితం, నచ్చితే ఒకేసారి డబ్బు కట్టి ‘పూర్తి గేమ్’ తెరుచుకోవచ్చని అందులో రాసుంది. ఉచిత భాగం అంతా ఆడి, చాలా బాగుందని ఆమే చెప్పాక నాలుగు వందల పైచిలుకు కట్టాను.

తర్వాతి అధ్యాయంలో ఒక ఇనుప గేటు ఉంది. దాని తాళంచెవి పిన్నికి దొరికింది, గేమ్‌లోని సంచిలో పడింది. సరిగ్గా అప్పుడే బాబాయి ఫోన్ చేశాడు. మాట్లాడి మళ్లీ గేమ్ తెరిస్తే సంచిలో తాళంచెవి లేదు. సాయంత్రం నాకు ఫోన్ చేసి, “ఏంది అబ్బయ్యా ఇది, తాళంచెవి నేను తీసిందే, సంచిలో లేదు. మళ్లీ వెతుకుదామంటే ఆ గదిలో కూడా రావట్లా” అంది. దారి చూపే హింట్ బటన్ నొక్కితే గేటు దగ్గరికి తీసుకెళ్లి తాళంచెవి వాడమంటుంది. అక్కణ్ణుంచి ముందుకు కదలదు.

జరిగింది ఇదీ అని నాకు అర్థమైనంత వరకు చెబుతాను. ఈ గేముల్లో చాలావాటికి మనం సేవ్ చేసుకునే వీలు ఉండదు. గేమే తనంతట తాను సేవ్ చేసుకుంటుంది, అదీ ఒక్క చోటే. వస్తువు తీసేశామని గదిలో నమోదై, సంచిలోకి చేరినట్టు నమోదయ్యే లోపు ఫోన్ కాల్ అడ్డొచ్చిందంటే ఆ వస్తువు రెండు చోట్లా లేకుండా పోతుంది. వెనక్కి వెళ్లడానికి పాత సేవ్ ఉండదు కాబట్టి మిగిలేది మొదటి నుంచి ఆడటమే. కంపెనీకి మెయిల్ పెడితే యంత్రం పంపినట్టున్న జవాబు ఒకటి వచ్చింది. గేమ్ తీసేసి మళ్లీ వేసుకోమన్నారు. తీసేస్తే ఆడిందంతా పోతుందని మళ్లీ రాశాను, దానికి జవాబు లేదు. రివ్యూలను కొత్తవి ముందు వచ్చేలా పెట్టి చూస్తే అదే గేటు దగ్గర ఆగిపోయామని ఇంకొందరు రాశారు. పైన కనిపించే అయిదు నక్షత్రాల రివ్యూలు ఎక్కువగా మొదటి రోజే రాసినవి. వాళ్లింకా గేటు దాకా రాలేదు.

నేను వద్దన్నా పిన్ని మొదటి నుంచి మళ్లీ ఆడి చివరిదాకా వెళ్లింది. అక్కడ అసలు నేరస్థుడు తప్పించుకుపోతాడు, వాడెవడన్నది ‘బోనస్ అధ్యాయం’లో తెలుస్తుంది. దానికి మళ్లీ డబ్బు. నాకు నిజంగా కోపం వచ్చింది ఇక్కడే. ‘పూర్తి గేమ్’ అని రాసి అమ్మినప్పుడు కథ ముగింపు అందులో ఉండాలి.

బోనస్ అధ్యాయం అనేది ఈ రకం గేముల్లో కొత్తేమీ కాదు. చాలా గేములు స్టాండర్డ్ ఎడిషన్, కలెక్టర్స్ ఎడిషన్ అని రెండు రకాలుగా వస్తాయి. కలెక్టర్స్ ఎడిషన్‌లో ఒక అదనపు అధ్యాయం, ఎలా ఆడాలో చెప్పే స్ట్రాటజీ గైడ్, వాల్‌పేపర్లు, సంగీతం లాంటివి ఉంటాయి, ధర ఎక్కువ. మర్యాదగా చేసేవాళ్లు అసలు కథను స్టాండర్డ్‌లోనే ముగించి, బోనస్‌లో ఒక పాత్ర పూర్వకథో, తర్వాతి సంగతో చెబుతారు. అది బాగానే ఉంటుంది. కథ తోకను కత్తిరించి బోనస్ అని అమ్మడం వేరు. కొనేముందు రివ్యూల్లో ఎవరైనా ముగింపు గురించి రాశారేమో వెతకండి. కథ ముందే తెలిసిపోతుందని భయపడాల్సిన పని లేదు, సగంలో ఆగిపోయిందో లేదో తెలిస్తే చాలు.

మొదటి గంటే ఎందుకు బాగుంటుందంటే, అమ్మేది ఆ గంటే కాబట్టి. 2002లో సియాటిల్‌లో మొదలైన బిగ్ ఫిష్ గేమ్స్ కంపెనీ 2005లో తెచ్చిన ‘మిస్టరీ కేస్ ఫైల్స్: హంట్స్‌విల్’తో ఈ తరహా కంప్యూటర్ గేములకు పెద్ద ఊపు వచ్చింది. వాళ్ల దగ్గర కంప్యూటర్ గేములను ఒక గంట ఉచితంగా ఆడి, నచ్చితే కొనుక్కునే పద్ధతి ఉండేది. కొనేవాళ్లకు మంచి పద్ధతే అది. కానీ అలాంటి పద్ధతిలో ఏ గేమ్‌కైనా కొనాలా వద్దా అనే నిర్ణయం మొదట్లోనే జరిగిపోతుంది. అందుకే మంచి బొమ్మలు, మంచి గొంతులు, కొత్త రకం పజిల్స్ ముందు అధ్యాయాల్లో పోసేసి, చివర్లో అవే గదుల్లో తిప్పి తిప్పి సరిపెట్టే గేములు తయారయ్యాయని నా అభిప్రాయం.

వాపసు నియమాలు కూడా ఇక్కడ మనకు పెద్దగా కలిసిరావు. కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, 2 గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. హిడెన్ ఆబ్జెక్ట్ గేమ్ మామూలుగా నాలుగైదు గంటలు నడుస్తుంది. మూడో గంటలో ఇరుక్కుంటే ఆ గడువు దాటిపోయినట్టే. గూగుల్ ప్లేలో 48 గంటల లోపు గూగుల్‌నే అడగొచ్చు, ఆ తర్వాత గేమ్ చేసినవాళ్లను బతిమాలుకోవాలి. పెద్దవాళ్లు రోజుకు అరగంట, ముప్పావు గంట ఆడతారు. రెండు రోజుల్లో వాళ్లు లోపం ఉన్న చోటికి చేరరు. కాబట్టి ఫోన్‌లో అయితే, కూర్చుని ఆడే తీరిక ఉన్న రోజే డబ్బు కట్టండి. కట్టిన రెండు రోజుల్లో వీలైనంత ముందుకు ఆడించండి. మధ్యలో ఒకసారి కావాలని వేరే ఫోన్ నుంచి కాల్ చేసి, గేమ్ మూసి తెరిచి, సంచిలో వస్తువులన్నీ ఉన్నాయో లేదో చూడండి. ఈ ఒక్క పరీక్షతో పిన్నికి జరిగింది మీవాళ్లకు జరిగే అవకాశం తగ్గించొచ్చు.

ఇంత చెప్పాక కూడా ఈ గేములు కొనొద్దని నేను అనను. మోకాలు నొప్పితో మంచం మీద ఉన్న మనిషికి వీటికంటే నెమ్మదైన గేమ్ దొరకడం కష్టం. తరిమేవాడు ఉండడు, టైమర్ చాలా గేముల్లో ఉండదు, ఉన్నా కొన్నిట్లో తీసేసుకోవచ్చు. ఒక్క వేలు చాలు. దొరక్కపోతే హింట్ ఉంది, కాసేపు ఆగితే అది మళ్లీ నిండుతుంది. పజిల్ కుదరకపోతే దాటెయ్యొచ్చు. తేలిక, కష్టం అని మొదట్లోనే ఎంచుకోవచ్చు. ఒకసారి వేసుకుంటే చాలావాటికి నెట్ అక్కర్లేదు, పాత లాప్‌టాప్‌లో కూడా నడుస్తాయి. పాతబడిన భవనాలు, పొగమంచు రేవులు, సముద్రం అడుగున ఓడలు, ఒక్కో బొమ్మ దగ్గర ఆగి చూడాలనిపిస్తుంది. పిన్ని అయితే వస్తువు దొరికినా వెంటనే నొక్కకుండా, ఆ గది మొత్తం చూశాకే నొక్కేది. అంత ఇష్టంగా ఆడేవాళ్లను గేటు దగ్గర ఆపెయ్యడం అన్యాయం.

మామూలు లోపాలు కొన్ని అన్నిట్లో ఉంటాయి. శాపం తగిలిన కోట, తప్పిపోయిన పిల్ల, అద్దంలో దయ్యం, కథలు తిరిగి తిరిగి ఇవే. కత్తెర ఒకసారి వాడగానే మాయమవుతుంది, అవతలి తలుపుకు మళ్లీ కత్తెర వెతకాలి. వెనక్కీ ముందుకీ నడక ఎక్కువ, అందుకే నొక్కితే ఆ చోటికి తీసుకెళ్లే మ్యాప్ ఉన్న గేమ్ చూసుకోండి. వెతకాల్సిన వస్తువుల పేర్లు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, తెలుగు నాకెక్కడా కనబడలేదు. ఇంగ్లిష్ రానివాళ్లకు బొమ్మ చూపించి వెతకమనే గేములు నయం. 2017లో వచ్చిన ‘హిడెన్ ఫోక్స్’ అలాంటిది. నలుపు తెలుపు చేతిగీతల బొమ్మలు, శబ్దాలన్నీ నోటితో చేసినవే. అందులో కథ ఉండదు గానీ వెతుకులాట మాత్రం బోలెడు. ఇక స్క్రీన్ సంగతి. చీకటి గదిలో గోడ రంగులో కలిసిపోయిన గుండుసూదిని ఆరంగుళాల ఫోన్‌లో వెతికితే కళ్లు లాగేస్తాయి. కంటి ఆపరేషన్ అయినవాళ్లకైతే ట్యాబ్‌లోనో లాప్‌టాప్‌లోనో తప్ప పెట్టొద్దు.

ఇప్పుడు రెండో రకం, ఇది ఇంకా జాగ్రత్తగా చూడాల్సింది. పూర్తిగా ఉచితం అని వచ్చేవాటిలో చాలావరకు ‘ఎనర్జీ’ మీద నడుస్తాయి. ఒక్కో బొమ్మ ఆడితే కొంత ఎనర్జీ ఖర్చవుతుంది, అయిపోతే ఆగాలి, లేదా కొనాలి. 2012లో ఫేస్‌బుక్‌లో వచ్చిన ‘క్రిమినల్ కేస్’, బెర్లిన్ కంపెనీ వూగా 2017లో తెచ్చిన ‘జూన్స్ జర్నీ’ ఈ కోవలో బాగా పేరున్నవి. వీటిలోనూ మొదటి గంటదే మాయ. మొదట్లో గబగబా లెవెల్ పెరుగుతుంది, పెరిగినప్పుడల్లా ఎనర్జీ నిండుతుంది, ఎక్కడా ఆగినట్టే ఉండదు. తర్వాత లెవెల్‌కు లెవెల్‌కు మధ్య దూరం పెరుగుతుంది. ఆడిన బొమ్మనే నక్షత్రాల కోసం మళ్లీ మళ్లీ ఆడాలి. ఈ రకంలో చాలావాటిలో కథకు చివర అంటూ ఉండదు, ఎప్పటికప్పుడు కొత్త అధ్యాయాలు వస్తూనే ఉంటాయి. రోజూ కాసేపు ఆడి పక్కన పెట్టేవాళ్లకు ఫర్వాలేదు, నా పరిచయస్థుల్లో పైసా కట్టకుండా ఆడేవాళ్లు ఉన్నారు. తొందరపడేవాళ్ల చేతికి మాత్రం ఇవ్వొద్దు.

గేమ్ ఏ రకమో వేసుకోకముందే తెలుసుకోవచ్చు. ప్లే స్టోర్‌లో గేమ్ వివరాలు చివరిదాకా చదివితే యాప్‌లోని కొనుగోళ్ల ధరలు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అని ఉంటుంది. ఒకే ధరో, దగ్గర దగ్గరగా ఉన్న రెండు ధరలో ఉంటే ఒకేసారి కొనే గేమ్ అయ్యుంటుంది. పదుల నుంచి వేల రూపాయల దాకా సాగితే అది దాదాపు ఎనర్జీ గేమే. లాప్‌టాప్ ఉంటే నేను స్టీమ్‌లో ఒకే ధరకు దొరికేవాటి వైపే వెళ్లమంటాను. పోలండ్ కంపెనీ ఆర్టిఫెక్స్ ముండి గేములు అక్కడ చాలా ఉన్నాయి, సేల్ రోజుల్లో బాగా తగ్గుతాయి, యూపీఐతో కట్టొచ్చు. కలెక్టర్స్ ఎడిషన్లు అన్నీ కలిపి పెన్‌డ్రైవ్‌లో వేసిస్తాం, ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్ బయట నుంచి యాప్ వేసుకునే ఫైల్) పంపిస్తాం అనేవాళ్ల జోలికి పోవద్దు. బ్యాంకు యాప్ ఉన్న ఫోన్‌లో ఊరూ పేరూ లేని ఫైల్ వేయడం గేమ్ ధరకంటే చాలా పెద్ద ప్రమాదం.

కొన్ని గేముల్లో వారం చందా కూడా ఉంటుంది, మూడు రోజులు ఉచితం అంటూ. గేమ్ ఫోన్‌లోంచి తీసేసినంత మాత్రాన చందా ఆగదు. ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్లలోకి వెళ్లి రద్దు చేయాలి, మీ యూపీఐ యాప్‌లో ఆటోపే కింద ఏమైనా మిగిలి ఉందేమో కూడా చూడాలి. పెద్దవాళ్ల ఫోన్లలో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా ముందే పెట్టండి. కొన్న రసీదు, గేమ్ వివరాల్లో ‘పూర్తి గేమ్’ అని రాసిన చోటు, ఇరుక్కున్న చోటు, మూడిటికీ స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోండి. గేమ్ వాళ్లు పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. నేను ఆ మూడు స్క్రీన్‌షాట్లతోనే ఫిర్యాదు పెట్టాను, ఇంకా జవాబు రావాలి.