201 నొక్కితే కాలేబు: తెలుగు ఆడియో బైబిల్ పెట్టె గురించి

బైబిల్ అంతా చదివి వినిపించే చిన్న పెట్టె ఇది. వెనకటి పాకెట్ రేడియో అంత ఉంటుంది. ముందు అంకెల బటన్లు, పైన టార్చి లైటు, వెనక మెమరీ కార్డు. సభలు జరిగే చోట పుస్తకాల స్టాళ్ళలో అమ్ముతుంటారు. కంపెనీ పేరంటూ ఏమీ లేదు, అట్ట మీద "తెలుగు ఆడియో బైబిల్" అని మాత్రం ఉంది. రెండు వేలకు కాస్త తక్కువే పడింది.

కొన్నది మా అత్తయ్య కోసం. ఆవిడకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. మా గుడిలో స్త్రీల సమాజం తరఫున ఇల్లిల్లూ తిరిగి పిడికెడు బియ్యం పోగుచేసిన మనిషి. ఎవరింట్లో ఎంత ఇచ్చారో కాగితం లేకుండా చెప్పేవారు. రెండు కళ్ళకీ శుక్లాలు వచ్చాక ఆ తిరుగుడు ఆగిపోయింది. ఆపరేషన్ అంటే మాత్రం పండగ వెళ్ళాక అని ఒకసారి, ఎండలు తగ్గాక అని ఒకసారి దాటేస్తూ వచ్చారు. అసలు కారణం భయం. అది అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

స్టాల్లో అమ్మే అబ్బాయి, "రాత్రంతా చిన్నగా పెట్టుకుని పడుకోండి అక్కా, భయం, దిగులు అన్నీ పారిపోతాయి" అన్నాడు. అమ్ముకునేవాడు అలాగే చెప్తాడు లెండి. అయినా వాక్యాన్ని దోమల చుట్టలాగా రాత్రి వెలిగించి పొద్దున ఆర్పేస్తే భయం పోతుందన్న మాట నాకు అప్పుడే నచ్చలేదు. వాడి చూశాక చెప్తున్నాను, ఈ పెట్టె బాగుంది. కానీ ఆ అబ్బాయి చెప్పిన కారణానికి కాదు.

ముందు గొంతు గురించి. మేం గుడిలో చదివే పాత అనువాదమే, ఒక్క మగ గొంతే మొదటి నుంచి చివరిదాకా చదువుతుంది. సంగీతం లేదు, తలుపు చప్పుళ్ళు, గుర్రాల సకిలింపులు లేవు. నాటకంలాగా రకరకాల గొంతులతో చేసిన రికార్డింగులు వేరే ఉంటాయి, పిల్లలకు అవే నచ్చుతాయేమో. నేను మిషన్ కుడుతూ వినాలి కాబట్టి నాకు ఇదే సుఖం. పేర్ల దగ్గర తడబడడు. షేషయి, అహీమాను, తల్మయి అని, కనానులో ఉన్న ఆజానుబాహులైన అనాకీయుల పేర్లు పక్కింటివాళ్ళ పేర్లంత తేలిగ్గా చదివేస్తాడు.

ఇక దీని పెద్ద లోపం. తెర మీద పుస్తకం పేరు, అధ్యాయం పేరు ఏమీ పడవు, ఎర్రటి అంకె ఒక్కటే పడుతుంది. ఆదికాండము మొదటి అధ్యాయం 1, ప్రకటన చివరి అధ్యాయం 1189. మత్తయి కావాలంటే 930 నొక్కాలి. ఏ అంకెకి ఏ అధ్యాయమో చెప్పే కాగితం డబ్బాలో పెట్టలేదు. నేనే ఒక్కో పుస్తకం అధ్యాయాలు కూడుకుంటూ పాత క్యాలెండర్ వెనక రాసి గోడకి అంటించాను. 23వ కీర్తన లెక్క కడితే 501 వచ్చింది. "బట్టల సబ్బు నెంబరే కదా" అని అత్తయ్య పట్టేసుకున్నారు. ఇప్పుడు ఆ ఒక్కటీ కళ్ళు మూసుకుని నొక్కుతారు.

మిగతావి వెతుక్కోవడం కష్టం గనక వరసగా వినడం మొదలుపెట్టాం. మాకు మేలు జరిగింది అక్కడే. మా ఇళ్ళలో ధైర్యం అంటే వాగ్దాన కార్డే, బైబిల్ మాట ఒకటి రాసి ఉండేది. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో కార్డు తీసుకుంటాం, "భయపడకుము" అని వస్తే ఏడాదంతా బీరువా తలుపు మీద ఉంటుంది. ఆ మాట ఎవరితో అన్నారు, ఏం చెయ్యడానికి బయల్దేరుతుంటే అన్నారు అని అడగం. వరసగా వింటే అడక్క తప్పదు.

130 దగ్గర, అంటే సంఖ్యాకాండము 13లో, ఐగుప్తు నుంచి బయటపడ్డ ఇశ్రాయేలీయుల్లో పన్నెండుమంది, దేవుడు ఇస్తానన్న కనాను దేశాన్ని చూసి రావడానికి వెళ్తారు. నలభై రోజులు తిరిగి, ఒక్క ద్రాక్షగెలని కర్రకి కట్టి ఇద్దరు మోసుకొస్తారు. పదిమంది ఏమన్నారు? ఊళ్ళకి పెద్ద గోడలున్నాయి, మనుషులు ఆజానుబాహులు, వాళ్ళ ముందు మేం మిడతల్లా ఉన్నాం అన్నారు. అందులో గోడల సంగతి అబద్ధం కాదు. ఆ పన్నెండుమందిలో ఒకడైన కాలేబు కూడా గోడలు లేవనలేదు, వెళ్దాం పదండి అన్నాడు. జనం కాలేబునీ, అతని వైపు నిలబడ్డ యెహోషువనీ రాళ్ళతో కొట్టబోయారు. తర్వాత శిక్షగా జనమంతా నలభై ఏళ్ళు అరణ్యంలో తిరగాల్సి వచ్చింది.

అత్తయ్య ఇక్కడ ఆపమన్నారు. "తప్పు వాళ్ళది, తిరుగుడు ఈయనది కూడానా?" అని అడిగారు. ప్రసంగాల్లో ఈ ప్రశ్న నేనెప్పుడూ వినలేదు. భయపడనివాడు కూడా భయపడ్డవాళ్ళతో కలిసి అదే ఇసుకలో నడిచాడు. వాళ్ళని వదిలేసి తన దారి తను చూసుకోలేదు. కాలేబు పూర్ణమనస్సుతో దేవుణ్ణి అనుసరించాడని బైబిల్ అంటుంది. పూర్ణమనస్సు అంటే సభలో చెయ్యెత్తి ఏడవడం అనుకుంటాం గానీ, కాలేబుది ఏళ్ళ తరబడి నడక. మళ్ళీ ఆ పక్క అధ్యాయం చివర ఇంకో సంగతుంది. శిక్ష విన్నాక జనం ఒక్కసారిగా వీరులైపోయి, నాయకుడు మోషే వద్దంటున్నా కొండెక్కి, దెబ్బలు తిని దిగొచ్చారు. ధైర్యం చూపించినవాళ్ళంతా దేవుడి మాట విన్నవాళ్ళేమీ కాదన్నమాట.

తర్వాత చాలా రోజులకు 201 వచ్చింది, అంటే యెహోషువ పుస్తకం 14వ అధ్యాయం. దాని తర్వాత అంతా సరిహద్దుల లెక్కలే, ఆ వాగు నుంచి ఈ కొండ దాకా అని. అత్తయ్యకు హాయిగా నిద్రపట్టే అధ్యాయాలు. వాటికి ముందు 85 ఏళ్ళ కాలేబు వచ్చి, అప్పటికి నాయకుడైన యెహోషువ ముందు నిలబడతాడు. నలభై ఏళ్ళ వయసులో కాదేషు బర్నేయ నుంచి కనాను చూడ్డానికి వెళ్ళినప్పుడు ఎంత బలం ఉందో ఇప్పుడూ అంతే ఉంది, ఆ కొండసీమ నాకివ్వండి అంటాడు. అడిగింది అనాకీయులు ఉన్న చోటే, పెద్ద ప్రాకారాలు ఉన్న చోటే. ఆ సంగతి తనే చెప్తాడు. నేను గెలుస్తానని గొప్పలు పోకుండా, యెహోవా నాకు తోడుంటే అంటాడు. అడిగినట్టే హెబ్రోను అనే ఊరు ఇచ్చారు.

మాది గుంటూరు వైపు లూథరన్ చర్చి కుటుంబం కాబట్టి ఇది వింటుంటే హయ్యర్ దొరగారు గుర్తొచ్చారు. 1842లో గుంటూరు వచ్చిన మిషనరీ ఆయన. తర్వాత అమెరికా వెళ్ళిపోయారు. రాజమండ్రి మిషన్ నడపడం కష్టమై వేరే మిషన్‌కి అప్పగించేద్దామని 1869లో అక్కడి పెద్దలు అనుకుంటుంటే, వద్దు, నేను వెళ్తానని లేచారట. అప్పటికి డెబ్బై అయిదు దాటాయి. అన్నట్టే ఓడెక్కి వచ్చేశారు. అత్తయ్యకు ఈ కథ నాకన్నా బాగా తెలుసు, చిన్నప్పుడు సండే స్కూల్లో విన్నారట.

ఇన్ని విన్నాక ఆవిడ భయం పోయిందా అని అడిగితే, పోలేదు. ఎనభై అయిదేళ్ళాయన కొండ అడిగాడు, మీకు కన్ను ఆపరేషనే కదా అని నేనంటే, "కాలేబుకి కత్తి ఆయన చేతిలో ఉందమ్మాయ్, నాకు డాక్టరు చేతిలో ఉంటుంది" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. కాకపోతే వారం తిరక్కుండా, "నువ్వు షాపు మూసే రోజు చూసి రాయించు" అని తనంతట తనే చెప్పారు. ఆ రోజు కంట్లో చుక్కలు వేసి బయట కూర్చోబెట్టినప్పుడు చేతులు మంచులా ఉన్నాయి. నా చెయ్యి పట్టుకోలేదు, పక్కనున్న ఇంకో ముసలావిడ చెయ్యి పట్టుకుని, "నాకూ భయమే, పద" అంటున్నారు. ఒక కన్ను అయ్యింది. రెండోదానికి తేదీ ఇచ్చారు.

ఆపరేషన్ తర్వాత నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, పొయ్యి దగ్గరికి వెళ్ళకుండా మంచం మీద ఉన్న రోజుల్లో పెట్టె బాగా పనికొచ్చింది. ఒకసారి చార్జింగ్ పెడితే రోజంతా వస్తుంది. కరెంటు పోతే టార్చి ఉంది. అయితే సౌండు పెంచే బటనూ, తర్వాతి అధ్యాయానికి వెళ్ళే బటనూ ఒక్కటే. కాసేపు నొక్కి పట్టుకుంటే సౌండు, ఒక్కసారి నొక్కితే గెంతు. పెద్దవాళ్ళ వేళ్ళకి ఇది చాలా చిరాకు. ఆపి మళ్ళీ పెడితే ఆగిన చోట మొదలవ్వదు, ఆ అధ్యాయం మొదటికే పోతుంది. బైబిల్లో అన్నిటికన్నా పొడుగైన 119వ కీర్తన మధ్యలో కరివేపాకు అమ్మేవాడు పిలిస్తే ఇక అంతే.

అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తాను. ఫోన్ వాడేవాళ్ళకి ఇది అక్కర్లేదు, ఉచిత యాప్‌లలో ఇవే అధ్యాయాలు పేర్లతో సహా దొరుకుతాయి. చదువు రాని పెద్దవాళ్ళకి, కళ్ళు కనపడనివాళ్ళకి కొనొచ్చు. స్టాల్ దగ్గర ఎప్పుడూ 23వ కీర్తనే పెట్టి వినిపిస్తారు. మీరు 201 నొక్కించుకోండి. ఆ పేర్లూ ఊళ్ళూ అన్నీ స్పష్టంగా వినపడితే రికార్డింగ్ మంచిదే. కాలేబు బదులు ఇంకేదైనా వచ్చిందంటే కార్డులో అధ్యాయాలు తప్పిపోయినట్టే, వేరేది ఇమ్మనండి.