గేర్ సెల్ఫ్ మోటారు: ఉప్పునీళ్ల బండిలో బాగా వాడాక

తాళం తిప్పగానే ఇంజన్ అందుకోవడం ఎంత సుఖమో తెల్లారకుండానే రొయ్యల చెరువు గట్టుకి పోవాల్సిన వాళ్లకే తెలుస్తుంది. మా పాత డీజిల్ వ్యాన్‌కి నిరుడు వానలకు ముందు ఉన్న సెల్ఫ్ మోటారు (ఇంజన్‌ని తిప్పి స్టార్ట్ చేసేది) తీసేసి, లోపల గేర్లు ఉండే కొత్తది ఇంటి దగ్గరే బిగించాను. చలి పొద్దున అది తిప్పే ఊపు చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

పాతదాన్ని రీబిల్ట్ చేయించీ చేయించీ విసిగిపోయాం. బుష్‌లు, లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్లు మార్చి ఇచ్చేవారు, కొన్నాళ్లు బాగానే ఉండేది, మంచు రోజులు మొదలయ్యేసరికి మళ్లీ మూలుగు. డీజిల్ ఇంజన్‌లో ప్లగ్గు నిప్పురవ్వ వేయదు కదా, గాలి నొక్కుడికి పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి, నెమ్మదిగా తిప్పితే ఆ వేడి చాలదు. కొత్తదాంట్లో చిన్న మోటారు చాలా జోరుగా తిరుగుతుంది, గేర్లు ఆ జోరు తగ్గించి బలం పెంచి, ఇంజన్ చక్రాన్ని పట్టి తిప్పే చిన్న పళ్ల చక్రానికి, అదే బెండెక్స్‌కి ఇస్తాయి. అందుకని బ్యాటరీ కాస్త దిగి ఉన్నా లాగేస్తుంది. బరువు కూడా తక్కువ, కింద పడుకుని ఒక చేత్తో ఎత్తి పట్టుకుని రెండో చేత్తో బోల్టు అందించుకోవచ్చు. శబ్దం మాత్రం సన్నగా కీచుమంటుంది, మా ఆవిడ మొదటిసారి విని ఏదో విరిగిందని బయటికొచ్చింది.

బిగించే పని గురించి పెద్దగా చెప్పను. బ్యాటరీ నెగెటివ్ ముందు ఊడదీయాలి, ఎందుకంటే మోటారుకొచ్చే లావు వైరు నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది, మధ్యలో ఫ్యూజు ఉండదు, స్పానర్ బాడీకి తగిలిందంటే నిప్పులే. పాత బెండెక్స్ పళ్లు, కొత్తదాని పళ్లు లెక్కపెట్టి సరిపోయాకే పైకి ఎత్తండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకండి, స్టాండ్లు ఉండాల్సిందే. ఏడిపించేది పై బోల్టు ఒక్కటే, సీటు లేపితే గానీ చెయ్యి పోదు.

ఇక సఖినేటిపల్లి పంటు, అంటే బళ్లని గోదావరి దాటించే పెద్ద పడవ మీద జరిగిన సంగతి. ఐసు వేసిన రొయ్యల ట్రేలతో నరసాపురం వెళ్తున్నాం, వశిష్ఠ గోదావరి పాయ దాటేదాకా ఇంజన్ ఆపి ఉంచాను. అవతల మాధవాయిపాలెం రేవులో పంటు ఆనింది, తాళం తిప్పితే ‘టక్’ అంది, అంతే. మళ్లీ తిప్పినా టక్. సముద్రం పాటుకి నీరు తగ్గిన వేళ, ఒడ్డుకి ఎక్కే దారి బాగా నిటారుగా ఉంది, తోసి స్టార్ట్ చేద్దామంటే కుదరదు. వెనక బళ్లవాళ్లు హారన్లు, పంటు కుర్రాడు "ఏవండీ, బండి తియ్యండి బాబూ" అని కేకలు, ట్రేల్లోంచి ఐసునీళ్లు కారిపోతుంటే నాకు ఒకటే టెన్షన్. మా బావమరిది సుత్తి తీసి "బావా, మోటారు మీద ఒక్కటి తగిలిస్తే పడుతుంది" అన్నాడు. పాత మోటార్లకి ఆ వైద్యం పనిచేసేది, కార్బన్ ఇరుక్కుంటే కదిలేది. దీంట్లో అయస్కాంతాలు ఉంటాయి, దెబ్బకి పగిలిపోతాయి, వద్దన్నాను. నలుగురూ చెయ్యి వేసి గట్టెక్కించారు, వాళ్లకి దణ్ణం పెట్టాలి.

పక్కకి పెట్టి మీటరు తీశాను. బ్యాటరీ పన్నెండున్నర వోల్టులు చూపిస్తోంది, బ్యాటరీ బాగానే ఉంది. మీటరు ఒక వైరు బ్యాటరీ పాజిటివ్ మీద, ఇంకోటి మోటారుకి లావు వైరు బిగించే బోల్టు మీద పెట్టి బావమరిదిని తాళం తిప్పమంటే ఐదు వోల్టులు దాటింది. అర వోల్టు లోపు ఉండాల్సిన చోట అంత చూపిస్తోందంటే కరెంటు దారిలోనే పోతోందన్నమాట. ఆ బోల్టు మీద కప్పిన రబ్బరు టోపీ లాగి చూస్తే లోపల వైరు చివర పచ్చటి చిలుము. ట్రేల్లోంచి కారే ఉప్పునీళ్లు ఆ పల్చటి టోపీలోకి దూరి రాగిని తినేశాయి. ఎమెరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది, బిగించి, వాజిలైన్ పూసి తిప్పితే ఎప్పటిలాగే పట్టేసింది. మోటారులో ఏ లోపమూ లేదు.

ఇప్పుడు ఆలోచిస్తే, మొదట్లో నేను ఊరంతా చెప్పిన ఊపులో కొంత వాటా ఎర్త్ వైరుది. మోటారు మార్చిన రోజే ఇంజన్‌కీ ఛాసిస్‌కీ మధ్య తుప్పుపట్టిన పాత ఎర్త్ తీసి కొత్తది వేశాను, అది బాగుంటే పాత మోటారు కూడా కొంత మెరుగ్గా తిరిగేదేమో. అయినా గేర్ మోటారు తేడా తేడానే, మంచు పొద్దున అది స్పష్టంగా తెలుస్తుంది.

ధర రీబిల్ట్‌కి దాదాపు రెట్టింపు పడింది. మీది రోజుకి ఒకటి రెండుసార్లు స్టార్ట్ చేసే బండి అయి, నమ్మకమైన ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర్లో ఉంటే కార్బన్లు, బుష్‌లు మార్పించుకోండి, చాలు. నాది చెరువు చెరువు దగ్గరా ఆపుతూ, మళ్లీ స్టార్ట్ చేస్తూ తిరిగే బండి, పైగా సరుకు ఐసు మీద ఉంటుంది, నాకు గిట్టింది. సముద్రం వైపు ఊళ్లవాళ్లైతే దీంతోపాటు వచ్చే రబ్బరు టోపీని నమ్మకండి, మందంగా ఉన్నది విడిగా కొని వేయండి. నేను అదే వేశాను, వానాకాలం ముందూ తర్వాతా ఒకసారి విప్పి చూస్తున్నాను.