ఓవెన్‌తో పనిలేని గుమ్మడి ఉండలకు గుమ్మడి గింజల ప్రొటీన్ పొడి ఎంతవరకు పనికొస్తుంది?

గుమ్మడి ప్రొటీన్ ఉండలు అన్న పేరులో గుమ్మడే ముందున్నా, ప్రొటీన్ విషయంలో దాని గుజ్జు చేసే సాయం దాదాపు శూన్యం. వంద గ్రాముల ఉడికించిన గుమ్మడిలో ప్రొటీన్ సుమారు ఒక గ్రాము మాత్రమే, నీరు 90 శాతానికి పైనే. గుజ్జు వల్ల వచ్చేది రంగు, మెత్తదనం, కాస్త పీచు, ఒంట్లో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్. అదే కాయలోని గింజల పప్పు సంగతి వేరు: వంద గ్రాములకు దాదాపు 30 గ్రాముల ప్రొటీన్ అందులో ఉంటుంది. ఆ పప్పు నుంచి నూనె తీయగా మిగిలిన చెక్కను మెత్తగా పొడి చేసి, ప్యాకెట్లలో నింపి అమ్ముతున్నదే గుమ్మడి గింజల ప్రొటీన్ పొడి. తీపి గాని, వెనిలా వంటి పరిమళాలు గాని కలపని రకాన్ని తెచ్చి, ఓవెన్ అవసరం లేకుండా ఇంట్లో చేసుకునే చిరుతిళ్లలో వాడి చూసిన మీదట రాస్తున్న సమీక్ష ఇది.

కొనేముందు ప్యాకెట్ వెనుక భాగం చదవడం తప్పనిసరి, ఎందుకంటే ఒకే రకమైన బొమ్మ వేసుకుని మూడు వేర్వేరు వస్తువులు అమ్ముడవుతున్నాయి. వందకు 55 నుంచి 65 గ్రాముల ప్రొటీన్ చూపిస్తే అది నూనె తీసిన పొడి. ముప్పై చిల్లర చూపించి, కొవ్వు కూడా అంతకు మించి ఉంటే అది గింజల పిండి మాత్రమే; చెడ్డదేమీ కాదు గాని, ఆ పని ఇంట్లో మిక్సీ కూడా చేస్తుంది. మూడోది గుమ్మడి రుచిగల పాల ప్రొటీన్, అంటే వే పొడి. ఇందులో గుమ్మడి పేరుతో వేసేది చాలాసార్లు దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ, లవంగాల పరిమళమే తప్ప గుమ్మడికాయ ఛాయ కూడా ఉండదు. పదార్థాల జాబితాలో ఏది ముందుంటే అదే ఎక్కువ పాళ్లలో ఉన్నట్టు లెక్క కాబట్టి, మొదటి పేరు చూస్తే చాలు, విషయం తేలిపోతుంది.

ప్యాకెట్ విప్పగానే కనిపించేది బూడిద కలిసినట్టున్న ఆకుపచ్చ రంగు, తగిలేది పచ్చి పసరు వాసన. వేళ్ల మధ్య నలిపితే మైదాలా జారదు, సన్నని రవ్వలా గరుకుగా తగులుతుంది. నీళ్లలో కలుపుకొని తాగడానికి ఇది నాకు ఏమాత్రం నచ్చలేదు: అడుగున మడ్డిగా దిగిపోయి, చివరి గుక్కల్లో వగరు మిగులుస్తుంది. ఓట్స్, ఖర్జూరం మధ్యకు చేరినప్పుడు మాత్రం అదే గరుకుదనం లోపంగా అనిపించదు. ఓట్స్ పలుకుల్లో కలిసిపోయి, నమలడానికి కాస్త పట్టునిస్తుంది.

నాకు బాగా కుదిరిన పాళ్లు ఇవి. ఓట్స్ 100 గ్రాములు, చిక్కని గుమ్మడి గుజ్జు 120, ప్రొటీన్ పొడి 60, పీనట్ బటర్ 80, గింజ తీసిన మెత్తని ఖర్జూరాలు 100, బరకగా దంచిన గుమ్మడి పప్పు 30 గ్రాములు, చిటికెడు ఉప్పు, పైన చెప్పిన నాలుగు మసాలాల పొడి ఒక చెంచా. ఇందులో అసలు కీలకమంతా గుజ్జులోని తడే. డబ్బాలో వచ్చే గుజ్జు సాధారణంగా చిక్కగానే ఉంటుంది. అయితే ‘పై’ (pie) అనే తీపి వంటకంలో నింపడానికి తీపి, మసాలా ముందే కలిపి అమ్మే ఫిల్లింగ్‌ను గుజ్జు అనుకుని తేకూడదు. ఇంట్లో ఉడికించిన గుమ్మడి అంతకంటే పల్చగా ఉంటుంది కాబట్టి, 200 గ్రాముల గుజ్జును వెడల్పాటి మూకుట్లో సన్నని సెగ మీద కలుపుతూ 120 గ్రాములకు ఇగర్చాలి. గరిటెతో మధ్యలో గీత గీస్తే, రెండు పక్కల నుంచి నీరు ఊరి ఆ గీతను కప్పేయకుండా ఉండాలి. అదే దించడానికి గుర్తు. ఓవెన్ అక్కరలేదంటే పొయ్యి కూడా అక్కరలేదని అర్థం కాదన్నమాట. గుజ్జు పూర్తిగా చల్లారాకే మిగతావి కలపాలి.

కలిపిన వెంటనే ముద్ద చేతికి అంటుకుంటుంది, ఇంకాస్త పొడి వేయాలనిపిస్తుంది. వేయకూడదు. ఈ పొడి తడిని నిదానంగా పీల్చుకుంటుంది. ఓట్స్ తీరూ అంతే. మూతపెట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే ఆ జిగురు ముద్దే తనంతట తాను బిగిసి, అరచేతిలో పగుళ్లు లేకుండా గుండ్రంగా వస్తుంది. తొందరపడి పొడి చల్లితే, మర్నాటికి ఆ ఉండలు గొంతు పట్టేంత పొడిబారతాయి.

వే పొడి నడక దీనికి పూర్తిగా భిన్నం. అది తడిని తక్కువగా పట్టుకుని త్వరగా జిగురు తేలుతుంది, కనుక గుజ్జు మోతాదు తగ్గించాలి. నిల్వ ఉన్నకొద్దీ సాగుడుగా, గట్టిగా మారే స్వభావం కూడా దానికి ఉంది. నునుపుదనంలో, తొలి రోజు రుచిలో దానిదే పైచేయి అని ఒప్పుకోవాల్సిందే. పాలు పడనివారికి, పాల పదార్థాలు వద్దనుకునేవారికి గింజల పొడి మేలైన దారి. బఠాణీ ప్రొటీన్ కూడా వారికి అందుబాటులో ఉన్నదే గాని, దాని మట్టి వాసన గుమ్మడి తియ్యదనం మీద మరీ బరువుగా కూర్చుంటుందని నా అభిప్రాయం.

ఇక లెక్కలోకి వస్తే, పైన చెప్పిన ముద్ద 20 ఉండలవుతుంది. ఒక్కోదానిలో సుమారు 4 గ్రాముల ప్రొటీన్, 80 కేలరీలు ఉంటాయి. ఒక కోడిగుడ్డులో దాదాపు అంతే శక్తికి 6 గ్రాముల ప్రొటీన్ లభిస్తుందని గుర్తుంచుకుంటే, ప్రొటీన్ అన్న పేరు ఈ చిరుతిండికి ఎంత మేరకు తగునో అర్థమవుతుంది. పొడి పూర్తిగా మానేస్తే ఉండకు దక్కేది 2 గ్రాముల పైచిలుకు మాత్రమే, కాబట్టి ప్యాకెట్ తన వంతు పని చేస్తున్నట్టే. ప్రొటీన్ ఇంకా పెంచుదామని పొడి మోతాదు రెట్టింపు చేస్తే మాత్రం వగరు దాల్చినచెక్కకు కూడా లొంగదు. అంతకంటే పీనట్ బటర్ మోతాదు తగ్గించకపోవడం మంచిది. దానిలోని కొవ్వు గుమ్మడిలోని బీటా కెరోటిన్ ఒంటికి పట్టడానికి కూడా తోడ్పడుతుంది.

రంగు గురించి చెప్పక తప్పదు. నారింజ రంగు గుజ్జులో ఆకుపచ్చ పొడి పడితే తయారయ్యేది సైనికుల దుస్తుల రంగు. రుచికి దానితో సంబంధం లేదు గాని, పిల్లలు తట్ట వైపు చూసి మొహం తిప్పుకోవడానికి అది చాలు. రెండు చెంచాల కోకో పొడి ఆ రంగును గోధుమ వర్ణంలోకి తెస్తుంది, పసరు వాసనను కూడా చాలావరకు అణచివేస్తుంది. ఉండలను దంచిన గుమ్మడి పప్పులో దొర్లించినా చూపుకు బాగానే ఉంటుంది.

ఆరోగ్యకరం అన్న మాట ఎక్కువగా తీపి మీద ఆధారపడి ఉంటుంది. ఖర్జూరాల బరువులో మూడింట రెండు వంతుల వరకు చక్కెరే కాబట్టి, వాటివల్ల ఒక్కో ఉండకు 3 గ్రాములకు పైగా చేరుతుంది. అయితే వాటితోపాటు పీచు కూడా వస్తుంది. చాలామంది వీటి బదులు తేనె గుమ్మరిస్తారు. తేనెలోని చక్కెరను తగ్గించుకోవాల్సిన చక్కెరల్లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కిస్తుంది. ఏడాది నిండని పసిపిల్లలకు తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు. ఓట్స్‌కు బదులు పచ్చి గోధుమపిండి కలపడం మరో పొరపాటు: పచ్చి పిండిలో హానికర సూక్ష్మజీవులు ఉండే అవకాశం ఉంది, కాల్చని తిండిలో వాటిని చంపే వేడి ఎక్కడా తగలదు. ఓట్స్ మిల్లులోనే ఆవిరి తగిలి వస్తాయి గనుక ఆ బెంగ చాలావరకు ఉండదు. మూకుట్లో కాస్త వేయిస్తే రుచి కూడా పెరుగుతుంది.

గుజ్జులో తడి ఉన్నందువల్ల ఈ ఉండలు బయట నిలవవు. రెండు గంటల లోపే ఫ్రిజ్‌లోకి చేర్చి, నాలుగు రోజుల్లో తినేయాలి. ఒకదానికొకటి తగలకుండా పళ్లెంలో పరిచి గడ్డకట్టించి, ఆ తరువాత డబ్బాకు ఎత్తితే ఫ్రీజర్‌లో రెండు నెలలు బాగుంటాయి. మిగిలిన పొడి విషయంలో కూడా అశ్రద్ధ పనికిరాదు. నూనె తీసినదే అయినా కొంత కొవ్వు అందులో మిగిలి ఉంటుంది కాబట్టి, విప్పిన ప్యాకెట్‌ను పొయ్యి పక్క అరలో వదిలేస్తే కొన్నాళ్లకు మక్కిన వాసన వేస్తుంది. నేను వాడిన ప్యాకెట్‌కు మళ్లీ మూసుకునే జిప్ ఉన్నా అది సరిగ్గా పడలేదు. గాలి చొరని సీసాలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టాల్సి వచ్చింది. ఐదు చుక్కల్లో ఈ పొడికి మూడున్నర ఇస్తాను: తగ్గించిన దానిలో ఒకటి వగరుకు, మిగతా సగం ఆ జిప్‌కు.