మాత్రలు ఆపాలా, కొనసాగించాలా?

నల్లగొండలో డిప్రెషన్‌కు మాత్రలు వాడే మా చెల్లెలు పిల్లల కోసం అనుకోగానే ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "ముందు ఆ మాత్రలు మానెయ్యి బిడ్డా." వినడానికి బాగానే ఉంటుంది. కానీ డిప్రెషన్ మాత్ర ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు. ఆపై జబ్బే తిరగబెట్టొచ్చు. నిద్రా తిండీ లేని తల్లి వల్ల కడుపులో బిడ్డకూ కష్టమే. ఈ మాట ఎవరూ చెప్పరు.

కొనసాగించడమంటే ఉన్నదే మింగడం కాదు. పారాక్సెటిన్ అనే డిప్రెషన్ మందుతో బిడ్డ గుండెకు కొద్దిపాటి రిస్క్ ఉండొచ్చని, డాక్టర్లు ముందే సెర్ట్రలిన్ లాంటి దానికి మార్చడం మామూలే. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, తొందరపాటు ఉండే సమస్య) మందు వేరే లెక్క: దానికి వాడే మిథైల్‌ఫెనిడేట్ గర్భంలో ఎంత సురక్షితమో సమాచారం తక్కువ. లక్షణాలు తేలిగ్గా ఉంటే డాక్టర్‌ను అడిగి ఆపి చూడొచ్చు. బండి నడపడమే ప్రమాదమయ్యేలా ఉంటే కాదు.

నేనైతే కొనసాగించడం వైపే. అయితే గర్భం రాకముందే సైకియాట్రిస్టును, గైనకాలజిస్టును ఇద్దరినీ కలవాలి. మధ్యలో మనసు బాగోకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.